బాలాపూర్ బొడ్రాయి



బాలాపూర్ అనగానే మీలో చాలామందికి లడ్డూ గుర్తుకు వస్తుంది. వినాయక నిమజ్జనం నాడు పొద్దున్నే టీవీ పెట్టుకుని, ఒక చేత్తో తిరగమోత వేస్తూ, “ఈసారి ఎంత పలికిందిట?” అని అడగని ఇల్లు హైదరాబాదులో తక్కువ. 2025లో ఆ 21 కిలోల లడ్డూ 35 లక్షల రూపాయలు పలికింది. విని ముక్కున వేలేసుకుంటాం, మర్నాడు పేపర్లో చదివి మళ్ళీ ఆశ్చర్యపోతాం, అంతటితో ఆ వూరి సంగతి మరచిపోతాం. వేలం ఎక్కడ జరుగుతుందో గమనించారా? ఊరి నడిబొడ్డున, బొడ్రాయి దగ్గర. ఇవాళ మనం ఆ రాయి గురించీ, దాని చుట్టూ ఒకప్పుడు వున్న చిన్న పల్లెటూరి గురించీ చెప్పుకుందాం. ఎందుకంటారా? ఆ చుట్టుపక్కల కాలనీల్లో ఇల్లు కట్టుకున్నవాళ్ళు, కట్టుకోవాలని చిట్టీలు కడుతున్నవాళ్ళు మనలో చాలామంది వున్నారు. మన వంటిల్లు ఏ నేల మీద నిలబడి వుందో తెలుసుకోవడం కాలక్షేపం కోసం చేసే పని కాదు. అది మన క్షేమానికి సంబంధించిన పని. ఎలాగో చివర చెబుతాను.

ముందు బొడ్రాయి అంటే ఏమిటో చూద్దాం. బొడ్డురాయి అన్నమాటే వాడుకలో బొడ్రాయి అయింది. నాభిశిల అని కూడా అంటారు. తెలంగాణలో ఒక ఊరు కట్టారంటే ముందు ఊరి మధ్య ఈ రాయి నాటవలసిందే. మనిషికి బొడ్డు ఎలాగో ఊరికి ఆ రాయి అలాగ. దాని నుంచి నాలుగు దిక్కులకూ ఊరు పెరుగుతుంది. పొలిమేర దగ్గర ఊరు ఆగిపోతుంది. కొన్ని చోట్ల ఏళ్ళ తరువాత ఆ రాయిని మళ్ళీ ప్రతిష్ఠ చేస్తారు. దాన్నే బొడ్రాయి పండుగ అంటారు. ఆ పండుగకి ఒక గొప్ప ఆచారం వుంది. పెళ్ళిళ్ళు చేసుకుని ఎక్కడెక్కడో కాపురాలు చేస్తున్న ఊరి ఆడపడుచులందర్నీ కబురు పెట్టి పిలుస్తారు. ఏ కులం పిల్ల అయినా సరే, ఎన్నేళ్ళ ముసలమ్మ అయినా సరే, ఆ వూళ్ళో పుట్టిన ఆడదయితే పిలుపు అందవలసిందే. పుట్టింటి హక్కు గుర్తుచేసే పండుగ అనుకోండి. ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోండి, దీనితో మళ్ళీ పని వుంది.

బాలాపూర్ ఎక్కడుంది? చార్మినారుకి ఆగ్నేయంగా, రెండు గంటలు నడిస్తే చేరుకునేంత దూరంలో వుంది. ఇప్పటి శంషాబాదు విమానాశ్రయానికి ఈశాన్యంగా వుంది. అంటే పాత నగరానికీ కొత్త విమానాశ్రయానికీ మధ్య చిక్కిన ఊరన్నమాట. దాని ఇరుగుపొరుగు ఊళ్ళ పేర్లు వినండి: గుర్రంగూడ, అల్మాస్‌గూడ, కుర్మల్‌గూడ, జిల్లెలగూడ, మీర్‌పేట, బడంగ్‌పేట, మామిడిపల్లి, జల్‌పల్లి, నాదర్‌గుల్. ఈ పేర్లన్నీ ఒకచోట చదివితే చాలు, ఆ నేల మీద ఎవరెవరు బతికారో సగం తెలిసిపోతుంది. కుర్మల్‌గూడలో గొర్రెలు కాసే కురుమలు వినిపిస్తారు. జిల్లెలగూడలో జిల్లేడు పొద వినిపిస్తుంది. అల్మాస్ అంటే పారసీలో వజ్రం, మీర్ అంటే నాయకుడు. పల్లి తెలుగువాడిది, పూర్ మన పురమే. తెలుగూ ఉర్దూ ఒకే పొలం గట్టు మీద కూర్చుని సద్ది తిన్న ప్రాంతం అది. దగ్గరలోనే పహాడీ షరీఫ్ గుట్ట వుంది. దాని మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా వుంది. ఆయన పదమూడో శతాబ్దంలో ఇరాక్ దేశం నుంచి వచ్చారని చెబుతారు. హైదరాబాదు నగరం పుట్టింది 1591లో. ఆ లెక్కన గుట్ట మీద దీపం వెలగడం మొదలయిన ఎంతో కాలానికి గాని చార్మినారు లేవలేదు.

ఈ నేల తీరు కూడా చెప్పుకోవాలి. మనం భూమధ్యరేఖకి ఉత్తరాన పదిహేడో అక్షాంశం దగ్గర, ఉష్ణమండలంలో వున్నాం. ఏడాది పొడుగునా కురిసే వాన మనకి లేదు. సంవత్సరంలో పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లయితే, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడిపోతుంది. కింద నల్లరాతి బండ, పైన ఎర్రచెల్క. ఆ బండలోకి నీరు తొందరగా ఇంకదు. కనుక పడిన చినుకుని పడినచోటే ఆపుకోకపోతే మాఘమాసానికే గొంతు తడుపుకోవడానికి చుక్క వుండదు. ఈ చిక్కుకి మన పూర్వులు కనిపెట్టిన ఉపాయం చెరువు. ఒక్కటి కాదు, గొలుసు చెరువులు. పై చెరువు నిండితే అలుగు మీద నుంచి పొర్లిన నీరు వాగులో పడి కింది చెరువుకి పోతుంది. అది నిండితే ఇంకా కిందిదానికి. ఇలా మూసీనది దాకా. మనలాగే ఎండలు కాసే శ్రీలంక పొడి ప్రాంతాల్లో కూడా రైతులు ఇలాగే చెరువుల్ని వరస కట్టారు. చదువుకున్న ఇంజనీర్లు రాకముందే ఈ విద్య ఇక్కడా అక్కడా వుంది.

చెరువు అంటే ఒట్టి గుంట కాదండీ, అదొక సంసారం. కట్ట, తూము, అలుగు, కింద ఆయకట్టు. తూము ఎప్పుడు తియ్యాలి, ఎవరి మడికి ఎంతసేపు నీరు విడవాలి అన్నది చూసుకోవడానికి ఊళ్ళో నీరడి అని ఒక మనిషి వుండేవాడు. అతనికి పంటలో వంతు ఇచ్చేవారు. చెరువులో నీరు నిలిచేంత మేర శిఖం అనేవారు. వేసవిలో నీరు తీసినప్పుడు ఆ శిఖంలో దోసా, కర్బూజా పండించుకునేవారు. వానలు రాగానే మళ్ళీ చెరువుకి వదిలేసేవారు. అది చెరువుగారి స్థలం అనే మర్యాద వుండేది. ఇక కట్ట మీద మైసమ్మ. తెలంగాణలో కట్టమైసమ్మ లేని చెరువు అరుదు. కట్ట తెగకుండా కాపాడే తల్లి ఆవిడ. ఆషాఢంలో బోనం ఎత్తుకుని ఆడవాళ్ళు కట్ట మీదికి పోయి మొక్కు తీర్చుకుంటే, అది భక్తీ అవుతుంది, ఏడాదికొకసారి కట్ట బాగోగులు చూసినట్టూ అవుతుంది. ఎక్కడ బీట తీసిందో, ఎక్కడ ఎలుక బొక్క పడిందో వందమంది కళ్ళు చూస్తాయి కదా! బతుకమ్మ కూడా అంతే. బీడుల్లో పూసిన తంగేడు, గునుగు కోసుకొచ్చి పేర్చి, ఆడి పాడి, చివరికి చెరువులోనే సాగనంపుతారు. చెరువు నిండిందో లేదో ఊరి ఆడవాళ్ళకి పట్వారీ కంటె బాగా తెలుసు.

ఆ నీటి కింద తరి పొలాల్లో వరి, పైన ఖుష్కి పొలాల్లో జొన్న, ఆముదం. తరి, ఖుష్కి అన్నవి నిజాం నాటి ఉర్దూ లెక్కల్లోని మాటలు. మాగాణి, మెట్ట అన్నమాట. నగరానికి దగ్గర కావడంతో ఈ చుట్టుపక్కల పల్లెల్లో కూరగాయలు, పాడి ఎక్కువ. పాతబస్తీలోని మీర్‌ఆలం మండీకి చుట్టూతా వున్న పల్లెల నుంచే కూరలు వచ్చేవి. తరువాతి రోజుల్లో హైదరాబాదు చుట్టూ అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు పెద్ద పేరు తెచ్చుకున్నాయి. మనం చిన్నప్పుడు తిన్న ఆ పొడుగాటి పచ్చద్రాక్ష ఇప్పుడు బజార్లో కనబడటం అపురూపం అయిపోయింది. ఆ తోటల పందిళ్ళు వుండిన చోట్ల ఇప్పుడు అపార్టుమెంట్ల పిల్లర్లున్నాయి.

పరిపాలన సంగతికి వద్దాం. నిజాం రోజుల్లో హైదరాబాదు చుట్టూ వున్న జిల్లాని అత్రాఫ్-ఎ-బల్దా అనేవారు. బల్దా అంటే నగరం, అత్రాఫ్ అంటే చుట్టుపక్కల. అందులో ఎక్కువ భాగం సర్ఫెఖాస్, అంటే నిజాం ప్రభువు సొంత ఖర్చులకు ఆదాయం వచ్చే భూమి. మిగతా ఊళ్ళలో కొన్ని పాయిగా నవాబుల కింద, కొన్ని జాగీర్దార్ల కింద వుండేవి. శంషాబాదు పేరు కూడా పాయిగా వంశపు షంసుల్ ఉమ్రా బిరుదు నుంచి వచ్చిందే. ఊళ్ళో మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ. ఆ పట్వారీ దస్తరంలో రాసిందే రాత. పట్వారీ గీసిన గీతకి భూమి ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయిన రోజులు తెలంగాణలో తక్కువేం కాదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. 1949లో సర్ఫెఖాస్ భూములు ప్రభుత్వం కిందికి వచ్చాయి, అదే ఏడు జాగీర్లూ రద్దయ్యాయి. 1950లో కౌలుదార్ల చట్టం వచ్చింది. 1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లాలోని పల్లెలన్నిటినీ విడదీసి రంగారెడ్డి జిల్లా చేశారు. 1984లో పటేలు, పట్వారీ పదవులు పోయాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. బాలాపూర్ సరూర్‌నగర్ మండలంలో చేరింది. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, కొత్త జిల్లాలు ఏర్పడ్డ రోజున బాలాపూర్ పేరుతోనే ఒక మండలం వచ్చింది. చిత్రం చూడండి, పల్లెగా వున్నన్నాళ్ళూ ఆ వూరి పేరు మరొక మండలం కింద వుండేది. మండలానికి తన పేరు వచ్చేసరికి అక్కడ పల్లె అనేదే మిగల్లేదు.

పల్లె ఎలా కరిగిపోయింది? ఒక్క రోజులో కాదు. మొదట పోయినవి కంచలు. కంచ అంటే గడ్డి పెంచడానికి విడిచిన బీడు. సర్కారు గుర్రాలకీ పశువులకీ గడ్డి అక్కడి నుంచే. వాటిలో ఇమారత్ కంచ అనే పెద్ద బీడులో 1988లో రక్షణ శాఖవారి పరిశోధన కేంద్రం, రీసెర్చ్ సెంటర్ ఇమారత్, వెలసింది. మన క్షిపణుల పనిలో ఆ కేంద్రం పేరు దేశమంతా మోగింది. అబ్దుల్ కలాంగారి చేతుల మీదుగా పెరిగిన సంస్థ అది. అందుకని 2015లో హైదరాబాదులోని క్షిపణి ప్రయోగశాలల సముదాయానికి ఆయన పేరే పెట్టారు. అక్కడ పనిచేసే శాస్త్రజ్ఞుల ఇళ్ళ ఇల్లాళ్ళు ఎవరైనా ఇది చదువుతూ వుంటే, వాళ్ళ ఆయన ఆఫీసు పేరులోని “ఇమారత్” ఒక పాత గడ్డిబీడు పేరని ఈ పూట భోజనాల దగ్గర చెప్పండి.

తరువాత వచ్చింది విమానాశ్రయం. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు శంషాబాదుకి తరలిపోయాయి. దానికి తీసుకున్న నేల సుమారు 5,500 ఎకరాలు. దానితోపాటు 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు. ఒక విమానాశ్రయం వచ్చిందంటే దిగే విమానాల కంటె ముందు భూముల ధరలు పైకి ఎగురుతాయి. బాలాపూర్ చుట్టుపక్కల అప్పటికే పొలాలు ప్లాట్లయిపోతున్నాయి. గ్రామ పంచాయతీ లేఔటు అని చెప్పి, సున్నపు రాళ్ళు పాతి, నూరు గజాలు, నూట యాభై గజాలు కోసి అమ్మారు. కొన్నది ఎవరు? నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి బతుకుతెరువుకి వచ్చినవాళ్ళు, ఆర్.టి.సి. ఉద్యోగులు, బడిపంతుళ్ళు. చిట్టీ పాడి, చేతిగాజులు తాకట్టు పెట్టి కొన్నారు. ఆ గాజులు ఎవరివో వేరే చెప్పాలా!

ఈ మార్పంతా ఒక్క చోట లెక్క రాసి పెట్టి వుంది. అదే లడ్డూ వేలం. బాలాపూర్‌లో గణేశ ఉత్సవం 1980లో మొదలయింది. 1994లో మొదటిసారి లడ్డూని వేలం వేశారు. ఊరి రైతు ఒకాయన 450 రూపాయలకి పాడుకున్నాడు. తీసుకెళ్ళి ఇంట్లోవాళ్ళకి పెట్టి, మిగిలింది తన పొలంలో చల్లాడు. ఆ ఏడు పంట బాగా వచ్చిందని చెప్పుకున్నారు. మరుసటేడు ఆయనే 4,500కి పాడుకున్నాడు. అదీ ఆ లడ్డూ అసలు అర్థం. అది పంట ప్రసాదం. మన ఇళ్ళల్లో ఏరువాకనాడు ఎడ్లకి బొబ్బట్టు పెట్టినట్టూ, పొంగలి పొలంలో చల్లినట్టూ అన్నమాట. 2002లో లక్ష దాటింది. విమానాశ్రయం తెరిచిన 2008లో 5 లక్షల 7 వేలు. ఆ తరువాత 2011 దాకా అయిదు లక్షల అంచునే తచ్చాడింది. ప్లాట్ల బేరాలు కూడా కొంత చల్లబడిన కాలమే అది. 2015లో పది లక్షలు దాటింది, 2019లో 17 లక్షల 60 వేలు. 2020లో కరోనా వల్ల వేలమే లేదు. 2023లో 27 లక్షలు, 2024లో 30 లక్షల వెయ్యి, 2025లో 35 లక్షలు.

మనం ఆడవాళ్ళం, ఏ లెక్కయినా బంగారంలోకి మార్చుకుంటేగాని మనకి తెలియదు. 1994లో 450 రూపాయలంటే ఇంచుమించు ఒక గ్రాము బంగారం ధర. 2025 సెప్టెంబరులో గ్రాము పదివేలు దాటింది. ఆ ధరకి చూసినా 35 లక్షలంటే మూడువందల గ్రాముల పైమాటే. ఒక గ్రాము లడ్డూ మూడువందల గ్రాముల లడ్డూ అయింది! తీపి పెరగలేదు, బరువు పెరగలేదు. పెరిగింది కింద వున్న నేల ధర. పొలంలో చల్లడానికి పాడుకున్న ప్రసాదాన్ని, చల్లడానికి పొలమే లేని రోజుల్లో పాడుకుంటున్నారు. వచ్చిన సొమ్ము ఊరి గుడికీ, బడికీ, ఇతర సౌకర్యాలకీ వాడుతున్నామని ఉత్సవ సమితి వారు చెబుతారు. ఊరు పోయినా ఊరుమ్మడి అనే మాట బొడ్రాయి దగ్గర ఇంకా బతికి వుండటం సంతోషించవలసిన విషయమే.

మరి నేల ధర పెరిగితే లాభం ఎవరికి దక్కింది? పహాణీలో ఎవరి పేరుంటే వారికి. పహాణీలో పేరు మగవాడిది. నడుము వంచి నాట్లు వేసింది ఆడది, కలుపు తీసింది ఆడది, కోసిన పంటని నూర్చి తూర్పార పట్టింది ఆడది. పొలం అమ్ముడుపోయిన నాడు కూలి పోయినది ముందుగా ఆమెకే. బొడ్రాయి పండుగకి పుట్టింటి ఆడపడుచుని పిలవాలన్న ఆచారం వున్న సమాజంలోనే, ఆస్తి పంపకానికి పిలవాలన్న చట్టం చాలా ఆలస్యంగా వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ కుటుంబపు ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చారు. దేశంలో చాలా చోట్ల ఆ హక్కు 2005లో గాని రాలేదు. మన రాష్ట్రం ఇరవై ఏళ్ళు ముందున్నదని గర్వపడవచ్చు. కాని అందులో ఒక మెలిక వుండేది. ఆనాటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి అది వర్తించలేదు. నగరం చుట్టూ పొలాలు ప్లాట్లయిపోతున్న కాలం కూడా అదే. ఎంతమంది ఆడపడుచులు చీరె, సారె తీసుకుని సంతకం పెట్టి వచ్చేశారో ఆ రిజిస్ట్రేషన్ కాగితాలకే తెలియాలి. పిలుపుకి వున్న మర్యాద పత్రంలో లేకపోతే అది సగం మర్యాదే.

ఇక నీటి సంగతి. మొదట్లో క్షేమం అన్నానే, అదే ఇది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదులో పదిహేను వేలమంది దాకా చనిపోయారని అంచనా. ఆ వరద కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన లెక్క తీస్తే, ఎగువ పరీవాహకంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగిపోయాయని తేలింది. గొలుసు కదా! ఒక కన్ను తెగితే పై నీరంతా కింది కన్ను మీద పడుతుంది. ఆయన సలహా మీదనే తరువాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. నగరానికి అప్పుడే పాఠం చెప్పారు. నూట పన్నెండేళ్ళకి పాఠం మరచిపోయాం.

2020 అక్టోబరు 13న కురిసిన కుండపోత మీకు గుర్తుండే వుంటుంది. ఆ రాత్రి మైలార్‌దేవ్‌పల్లి దగ్గర పల్లెచెరువు కట్ట తెగి దిగువ బస్తీల మీద పడింది. అది తేరుకోకముందే అక్టోబరు 17న, శనివారం రాత్రి మళ్ళీ వాన. ఈసారి బాలాపూర్ వైపు వున్న గుర్రం చెరువు కట్ట తెగింది. దిగువన హాఫిజ్ బాబానగర్, నషేమన్‌నగర్ మొదలయిన బస్తీల్లోకి నీరు వచ్చి పడింది. ఇళ్ళల్లో బియ్యపు డబ్బాలు తేలాయి, పిల్లల పుస్తకాలు, పెళ్ళికని దాచిన బట్టలు బురద అయ్యాయి. నీళ్ళు ఎక్కడి నుంచో కొత్తగా రాలేదు. ఎప్పుడూ వచ్చే దారినే వచ్చాయి. ఆ దారిలో, అలుగు వాగులో, శిఖంలో ఇళ్ళు వచ్చి కూర్చున్నాయి, అంతే. వాగు పాతికేళ్ళు ఊరుకుంటుంది. ఊరుకున్నది కదా అని తన దారి మరచిపోదు. నీరడి లేడు, తూము తీసేవాడు లేడు, కట్ట మీద బోనాలతో నడిచి బీటలు చూసే కళ్ళు తగ్గిపోయాయి. ఆ రాత్రి కష్టపడ్డవాళ్ళంతా నూరు గజాల బీదసాదలే. వాళ్ళకి ఆ నేల అమ్మిన వ్యాపారి ఇంట్లోకి నీళ్ళు రాలేదు.

2024లో ప్రభుత్వం చెరువుల రక్షణకి హైడ్రా అనే సంస్థని పెట్టింది. మంచిదే. కాని ఆక్రమణ అంటూ ఇల్లు కూల్చినప్పుడు కూడా ముందుగా రోడ్డున పడేది తెలియక కొన్న అమాయకురాలే. అందుకని కొనక ముందే తెలుసుకోవడం మన చేతిలోని పని. ఇది మగవాళ్ళ వ్యవహారం అని వదిలెయ్యకండి. గాజులు మనవయినప్పుడు కాగితం కూడా మనం చదవాలి.

బీరువాలో వున్న దస్తావేజు ఒకసారి తియ్యండి. అందులో మీ కాలనీ పేరు కంటె ముందు గ్రామం పేరు, సర్వే నెంబరు, నాలుగు చౌహద్దులు వుంటాయి. ఆ గ్రామమే మీరు నిజంగా కాపురముంటున్న ఊరు. ఆ సర్వే నెంబరుకి పాత పహాణీలో ఏమని రాసి వుందో చూపించమనండి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ దాకా వెనక్కి వెళితే మరీ మంచిది. అక్కడ తరి, ఖుష్కి అని వుంటే పొలం. శిఖం అని వుంటే చెరువు. అలాగే ఎఫ్.టి.ఎల్. అనే మాట అడగండి. చెరువు నిండినప్పుడు నీరు నిలిచే పూర్తి మట్టం అని దాని అర్థం. ధరణి అన్నారు, 2025లో భూభారతి అన్నారు, కంప్యూటర్లు మారుతాయి గాని నేల మారదు. కాగితం అర్థం కాకపోతే కాళ్ళతో చదవండి. మీ కాలనీలో రోడ్డు పక్కన కట్టమైసమ్మ గుడి వుందా? వుంటే, కట్ట ఏదీ? కట్ట వుంటే, చెరువేదీ? అని ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన ఒక ముసలమ్మని అడగండి. ఏ ఆఫీసులోనూ దొరకని సర్వే పటం ఆవిడ నోట్లో వుంటుంది. “అగో, గా ట్రాన్స్‌ఫారం కాడికి నీళ్ళు నిలుస్తుండె బిడ్డా” అని ఆవిడ వేలు చూపించిన చోటు గుర్తుపెట్టుకోండి.

ఇంకొక్క మాట. బాలాపూర్ ఇప్పుడు ఎవరి ఊరు? తాతల నాటి రైతులున్నారు. జిల్లాల నుంచి వచ్చి ప్లాటు కొన్న మనలాంటివాళ్ళున్నారు. పాతబస్తీ నుంచి జరిగి వచ్చిన కుటుంబాలున్నాయి. మయన్మార్ దేశంలో ఇళ్ళు కోల్పోయి వచ్చి, కొన్నేళ్ళుగా ఆ ప్రాంతపు గుడిసెల్లో తలదాచుకుంటున్న రోహింగ్యా ఆడవాళ్ళు, పసిపిల్లలు కూడా వున్నారు. వీళ్ళందరికీ భాష ఒకటి కాదు, దేవుడు ఒకడు కాదు. కాని అందరికీ పై చెరువు ఒకటే, వాగు ఒకటే. గొలుసు తెగిన రాత్రి నీరు ఎవరి గుమ్మం ముందూ ఆగి నీది ఏ ఊరని అడగదు. కనుక ఆ చెరువు కట్టని చూసుకోవలసిన బాధ్యత కూడా ఉమ్మడిదే.

ప్రతి ఏడూ అనంత చతుర్దశినాడు బాలాపూర్ వినాయకుడు బయలుదేరి, చార్మినారు మీదుగా హుస్సేన్‌సాగర్ దాకా వెళతాడు. నగరం నడుమ వున్న ఆ హుస్సేన్‌సాగర్ కూడా కుతుబ్‌షాహీల కాలంలో తవ్వించిన ఒక చెరువే సుమండీ. ఈసారి ఊరేగింపు టీవీలో చూసేటప్పుడు లడ్డూ ధర ఎంత అని అడగండి, తప్పులేదు. దానితోపాటు మీ ఇంటికి ఎగువన వున్న చెరువు పేరేమిటి, దాని అలుగు ఏ వైపు పారుతుంది అని ఇంట్లోవాళ్ళని అడగండి. జవాబు ఒక్కరికీ రాకపోతే, వచ్చే ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి చూసి రండి. వానాకాలం మొదలుకాక ముందే వెళ్ళండి.